అప్‌డేట్: విల్లో పుల్లలు ఇప్పుడు విరగట్లేదు

వేల్స్‌లో మా ఊరి హాల్లో శనివారాలు బుట్టలల్లడం నేర్చుకుంటున్నానని, విల్లో అనే చెట్టు సన్నటి పుల్లలు వంచగానే పుటుక్కుమంటున్నాయని పోయిన నెల అడిగాను కదా. తప్పు నాదే. తొక్కతో ఎండిన పుల్లల్ని ఒక్క రాత్రే నానబెట్టాను. అడుగు పొడవుకి దాదాపు ఒక రోజు లెక్కన నానాలట! ఆరడుగుల పుల్లల్ని వారం రోజులు బాత్‌టబ్‌లో పడేసి (ఇంట్లో గొడవే అనుకోండి), తర్వాత రాత్రంతా తడిగుడ్డలో చుట్టి ఉంచాను. ఇప్పుడు వేలికి చుట్టినా విరగట్లేదు.

హేజెల్ అనే చెట్టు కర్రల చట్రంతో 'కంటెల్' మొదలుపెట్టాను. ఇక్కడి రైతులు బంగాళాదుంపలు ఏరుకునే పాతకాలం బుట్ట. పేరులో చివరి శబ్దానికి నాకింకా నోరు తిరగట్లేదు. వెదురులా చీల్చే పని లేదు, పుల్లని పుల్లగానే అల్లేయడమే. ఒకవైపు మాత్రం సొట్ట పోయింది. విప్పనా, వదిలేయనా?