చెయ్యి వాపుకి నీళ్లలో వ్యాయామం: హైదరాబాద్‌లో ఎవరైనా చేస్తున్నారా?

నాచారం_రమ్య
అమ్మకి 61 ఏళ్లు. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్‌లో చంకలో లింఫ్ నోడ్స్ (చిన్న గ్రంథులు) తీసేశారు, ఆ తర్వాత రేడియేషన్ కూడా అయింది. ఏడాది దాటాక ఎడమ చెయ్యి వాయడం మొదలైంది. గాజులు ఎక్కట్లేదు, జాకెట్లకి ఎడమ చెయ్యి మాత్రం వదులుగా కుట్టించుకుంటోంది. లింఫెడిమా, అంటే లింఫ్ అనే ద్రవం వెనక్కి పోక చేరి వచ్చే వాపు అన్నారు. చేతిని బిగుతుగా పట్టి ఉంచే స్లీవ్ వాడుతోంది. నీళ్లలో వ్యాయామం చేస్తే మంచిదని ఫిజియో చెప్పారు. అమ్మకి ఈత రాదు, పైగా "ఈ వయసులో నాకు ఆ బట్టలేంటే" అంటోంది. ఎవరికైనా అనుభవం ఉంటే చెప్పండి.

నల్లకుంట_ఫిజియో
రమ్య గారూ, ఈత అక్కర్లేదు. నిజానికి ఈత కంటే నిలబడి చేసేదే మేలు.

రక్తాన్ని తోయడానికి గుండె ఉంది, లింఫ్‌ని తోయడానికి అలాంటి పెద్ద పంపు లేదు. రోజుకి ఇంచుమించు 3 లీటర్ల ద్రవాన్ని లింఫ్ నాళాలు వెనక్కి రక్తంలోకి చేర్చాలి. వాటి గోడలు కొంత బిగుస్తాయి, మిగతా పని కండరాల కదలిక, ఊపిరి చూసుకోవాలి. నీళ్లలో దిగితే దానికి బయటి ఒత్తిడి తోడవుతుంది. సెంటీమీటరు లోతుకి 0.74 మిల్లీమీటర్ల పాదరసం చొప్పున పెరుగుతుంది. అమ్మ కొంచెం మోకాళ్లు వంచి భుజాల దాకా మునిగి, చెయ్యి కిందికి వదిలేస్తే వేళ్లు 60 సెంటీమీటర్ల లోతులో ఉంటాయనుకోండి, అక్కడ 44 వస్తుంది. మోచేతి దగ్గర అందులో సగం, చంక దగ్గర దాదాపు ఏమీ ఉండదు. కింద ఎక్కువ, పైకి పోయేకొద్దీ తక్కువ. మంచి స్లీవ్ చేసే పనీ ఇదే. ఈత కొడితే చెయ్యి నీటి పైపైనే తేలుతుంది కాబట్టి ఈ లాభం పోతుంది.

వరస కూడా ముఖ్యం. మొదట పొట్ట నిండా ఊపిరి, తర్వాత మెడ, భుజాలు, ఆ తర్వాతే మోచెయ్యి, చివర్న వేళ్లు. ఎమ్‌జీబీఎస్ బస్టాండ్‌లో ముందున్న బస్సు కదిలితేనే కదా వెనకది కదిలేది! అన్నీ నెమ్మదిగా, నొప్పి రాకుండా చేయాలి.

అంబర్‌పేట_అన్న
నాది చెయ్యి కాదు, కాలు. బోదకాలు. మా ఊళ్లె ఉన్నప్పుడు చిన్నతనంల వచ్చింది. ఏటా గోలీలు పంచుతరు గదా, అవి పురుగుకే, ఒకసారి ముదిరిన వాపుకి గాదు. నేను పూల్‌ల ఛాతీ లోతు నీళ్లల్ల నడుస్త, గంతే. ముందుకి, వెనక్కి, పక్కకి. ఒడ్డు పట్టుకొని మడిమలు లేపి దించుత. బయట ఆ కాలు ఈడ్చుకుంట నడిచేటోన్ని, నీళ్లల్ల బరువే తెల్వది. బయటికి వచ్చినంక కాలు మెత్తగ ఉంటది. కానీ ఇంటికి పొయ్యేదాక ఊకుంటే మళ్ల మామూలే. తుడుచుకున్నంక అక్కడనే బ్యాండేజీ చుట్టుకోవాలె.

ఇంకొకటి, కాలివేళ్ల సందులు చూసుకోవాలె. చిన్న పగులున్నా ఆ రోజు నీళ్లల్ల దిగ. అట్ల దిగితే చలిజ్వరం, గజ్జల్ల బిళ్లలు, కాలంతా ఎర్రగ అయితది. ఒక క్లబ్బుల నన్ను సూడంగనే "ఇది అంటుకుంటది, రావొద్దు" అన్నరు. దోమతోని వచ్చేది నీళ్లల్ల ఎట్ల అంటుకుంటది? డాక్టర్ చీటీ చూపిచ్చినా ఇనలే. ఇప్పుడు వేరే తాన పోతున్న.

డౌట్_మాస్టర్
అందరూ బాగుందంటున్నారు సరే, దీనికి రుజువుందా? ఖర్చు పెట్టించడానికి ఇలాంటివి చాలా చెబుతారు.

నల్లకుంట_ఫిజియో
మంచి ప్రశ్న. ఈ పద్ధతిని ఆక్వా లింఫాటిక్ థెరపీ పేరుతో ఇజ్రాయెల్ ఫిజియోథెరపిస్టు డోరిట్ టిధార్ రూపొందించారు. 2010లో వచ్చిన ఆమె అధ్యయనంలో సెషన్ అయిన వెంటనే చెయ్యి వాపు తగ్గింది, ఆ తగ్గడం ఎక్కువ కాలం నిలవలేదు, రోజువారీ జీవితం మాత్రం మెరుగుపడిందని తేలింది. నేల మీద వ్యాయామంతో పోల్చి చూసిన పరిశోధనలు చిన్నవి, వాపు విషయంలో పెద్ద తేడా చూపలేదు. కాబట్టి నీళ్లు దొరక్కపోతే అమ్మ చికిత్స ఆగిపోయినట్టు కాదు. ఒకప్పుడు ఆ చేత్తో బరువే ఎత్తొద్దనేవాళ్లం. 2009లో అమెరికాలో వచ్చిన పెద్ద అధ్యయనంలో కొద్దికొద్దిగా బరువులు పెంచుతూ చేసినవాళ్లకి వాపు పెరగలేదు. నా లెక్కలో నీళ్ల గొప్పతనమల్లా నొప్పి, భయం లేకుండా చెయ్యి కదిలించగలగడమే.

మెహదీపట్నం_అత్తమ్మ
రమ్యా, మీ అమ్మలాగే నేనూ మొరాయించాను. ఫుల్ చేతులు, కాళ్లు ఉండే స్విమ్ డ్రెస్సులు వస్తున్నాయి, పైన స్కర్టు లాంటిది కూడా ఉంటుంది. కాటన్ చుడీదార్‌తో దిగనివ్వరు, దిగినా నీళ్లు పీల్చి బరువైపోతుంది. లేడీస్ బ్యాచ్ అడగండి, కోచ్ కూడా ఆడవాళ్లే ఉన్నారా అని అడగండి. నాకు బట్టలకంటే రొమ్ము తీసేసిన వైపు అందరూ చూస్తారేమోనన్న బెంగే ఎక్కువ. డ్రెస్సు లోపల పెట్టుకునే సిలికాన్ ప్యాడ్ దొరికింది, మామూలు దూది ప్యాడ్ తడిస్తే జారిపోతుంది.

క్లోరిన్‌కి నా చర్మం బీటలు వారేది. రాగానే మంచినీళ్లతో స్నానం, ఒళ్లు తుడుచుకుని లోషన్, అది ఇంకాక స్లీవ్. కొత్త స్లీవ్‌తో పూల్‌లో దిగొద్దు, క్లోరిన్‌కి సాగిపోతుంది. ఇంకో సంగతి ఎవరూ చెప్పరు: బయటికి రాగానే బాత్రూమ్‌కి పరుగు! ముందే దారి చూసి పెట్టుకోండి.

నల్లకుంట_ఫిజియో
అత్తమ్మ గారు చెప్పింది నిజమే. నీటి ఒత్తిడికి కాళ్లలోని రక్తం ఛాతీ వైపు వస్తుంది, ఒంట్లో నీరెక్కువైందనుకుని కిడ్నీలు వదిలేస్తాయి. అందుకే గుండె బలహీనంగా ఉన్నవాళ్లు, కాలి నరాల్లో రక్తం గడ్డకట్టినవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా దిగకూడదు. చెయ్యి ఎర్రబడి వేడిగా ఉన్నా, జ్వరమున్నా అంతే, ముందు ఆసుపత్రికి వెళ్లాలి.

నాచారం_రమ్య
అందరికీ థాంక్స్. ఏ పూల్ మంచిది? గచ్చిబౌలి స్టేడియంలోది పెద్దదంటారు.

అంబర్‌పేట_అన్న
చెల్లే, అది 2002 జాతీయ క్రీడలప్పటిది, పోటీల కోసం కట్టిన్రు. మనకి లోతు కాదు కావాల్సింది. మెట్లు, పట్టుకోను రాడ్డు ఉన్నది చూసుకో, నిచ్చెన ఒక్కటే ఉంటే అమ్మకి ఒక చేత్తోని కష్టం. ఏప్రిల్, మే ల సమ్మర్ క్యాంపుల పోరగాళ్లు ఉంటరు, ఎగిరి దుంకుతరు. ఆ రెండు నెలలు మధ్యాహ్నం బ్యాచ్ అడుగు.

మెహదీపట్నం_అత్తమ్మ
డిసెంబర్, జనవరిలో ఓపెన్ పూల్స్ మంచుగడ్డలే. 32, 33 డిగ్రీలుండే హైడ్రోథెరపీ పూల్ దొరికితే అదృష్టం, నేను మాత్రం ఆ రెండు నెలలూ ఇంట్లోనే ఊపిరి, భుజాల వ్యాయామాలు చేసుకుంటా. చలికి తట్టుకోలేక స్టీమ్ రూమ్‌లో కూర్చోనివ్వకండి, వేడికి వాపు పెరుగుతుంది.

నల్లకుంట_ఫిజియో
మొదలుపెట్టే ముందు టేపుతో మణికట్టు, మోచేతికి కింద, పైన కొలిచి రాసుకోండి, రెండు చేతులూ. వారానికోసారి అదే చోట, అదే సమయానికి. పెరుగుతుంటే ఆపి నన్నో, మీ ఫిజియోనో అడగండి.

నాచారం_రమ్య
కొలిచాను. మోచేతి కింద రెండు సెంటీమీటర్లు తేడా. అత్తమ్మ గారూ, ఆ సిలికాన్ ప్యాడ్ ఏ సైజని చెప్పి అడగాలి? అమ్మ అదొక్కటే అడుగుతోంది.