కర్నూలు గాలిలో దుమ్ము ఎంత, పొగ ఎంత? గుండె జబ్బు ఉన్నవారు నడక మానాలా?

ప్రశ్న (నంద్యాల చెక్‌పోస్టు నివాసి)

మా నాన్నగారికి అరవై దాటాయి, నిరుడు గుండెకు స్టెంట్ వేశారు. తెల్లవారకముందే మెయిన్ రోడ్డు వెంబడి నడిచి రావడం ఆయనకు ఎన్నో ఏళ్ల అలవాటు. గాలి కాలుష్యం గుండెకు కూడా చెరుపు చేస్తుందని డాక్టరుగారు చెప్పినప్పటి నుంచి ఇంట్లో ఇదే చర్చ. ‘మనది ఢిల్లీ కాదు, ఇక్కడ ఉన్నదల్లా దుమ్మే, ముక్కుకు టవల్ చుట్టుకుంటే సరిపోతుంది’ అని నాన్నగారు అంటున్నారు. యాప్‌లో కూడా నేను చూసినప్పుడల్లా గాలి నాణ్యత ‘సంతృప్తికరం’ అనే కనిపిస్తోంది. నడక మాన్పించాలా, వద్దా? తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

సమాధానం 1 (విశ్రాంత రసాయనశాస్త్ర అధ్యాపకుడు, కర్నూలు)

మాన్పించవద్దు, వేళనూ దారినీ మార్పించండి. కారణం చెబుతాను.

కంటికి కనిపించే దుమ్ములో ఎక్కువ భాగం ముక్కులోనో గొంతులోనో ఆగిపోతుంది, తుమ్ముతోనో దగ్గుతోనో బయటికి వస్తుంది. పీఎం 2.5 అంటే 2.5 మైక్రాన్లు, అంతకన్నా చిన్న కణాలు; తల వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కూడా ఉండవు కాబట్టి ఊపిరితిత్తుల చివర ఉండే గాలి సంచుల దాకా చేరతాయి, వాటిలో మరీ సూక్ష్మమైనవి రక్తంలోకి కూడా దిగుతాయి. అక్కడి నుంచి రక్తనాళాల లోపలి పొరలో వాపు, రక్తం గడ్డకట్టే స్వభావం పెరగడం, బీపీ పెరగడం మొదలవుతాయి. 2019లో ప్రపంచవ్యాప్తంగా బయటి గాలి కాలుష్యం వల్ల దాదాపు 42 లక్షల అకాల మరణాలు సంభవించాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. వాటిలో సుమారు మూడింట రెండు వంతులు గుండె జబ్బు, పక్షవాతం వల్లనే. ఊపిరితిత్తుల క్యాన్సర్ వాటా అందులో చాలా తక్కువ. మన భయాలు మాత్రం తలకిందులుగా ఉంటాయి.

ఈ సన్న కణాలు ప్రధానంగా మంట నుంచి పుడతాయి: డీజిల్ లారీలు, జనరేటర్లు, ఇటుక బట్టీలు, కట్టెల పొయ్యిలు, వీధి చివర తగలబెట్టే చెత్తకుప్పలు, పత్తి తీత అయ్యాక చేలల్లో కాల్చే కట్టె. కొన్ని గాలిలోనే తయారవుతాయి. బొగ్గు పొగలోని సల్ఫర్ డయాక్సైడ్, వాహనాల నైట్రోజన్ ఆక్సైడ్లు, ఎరువుల నుంచీ పశువుల పేడ నుంచీ వచ్చే అమ్మోనియా కలిసి సల్ఫేట్, నైట్రేట్ కణాలుగా మారి వందల కిలోమీటర్లు ప్రయాణిస్తాయి. కాబట్టి ఊళ్లో ఫ్యాక్టరీ లేదన్నది ధీమాకు కారణం కాదు.

ఇక యాప్ సంగతి. మన దేశపు సూచీలో పీఎం 2.5 ఇరవై నాలుగు గంటల సగటు ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాముల వరకు ‘సంతృప్తికరం’ కిందికే వస్తుంది. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన రోజువారీ పరిమితి 15 మాత్రమే. స్టెంట్ వేయించుకున్న మనిషి ఆ ఆకుపచ్చ రంగును చూసి నిశ్చింతగా ఉండకూడదు.

సమాధానం 2 (బేతంచెర్ల)

పై వివరణతో చాలావరకు ఏకీభవిస్తాను, కానీ దుమ్మును అంత తేలిగ్గా తీసిపారేయడం సరికాదు. నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్ల దగ్గర, క్రషర్ల దగ్గర పనిచేసేవారి ఊపిరితిత్తులను రాతి పొడి ఏం చేస్తుందో మా వైపు అందరికీ తెలుసు. రోడ్డు మీది దుమ్ములో కూడా టైర్లు, బ్రేకులు అరిగి రాలిన పొడి కలిసి ఉంటుంది, లారీ వెళ్లిన ప్రతిసారీ అది మళ్లీ పైకి లేస్తుంది.

అయితే ఒక్క విషయం గమనించండి. 2019లో కేంద్రం ప్రారంభించిన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో మన రాష్ట్రం నుంచి 13 నగరాలు ఉన్నాయి. కర్నూలు, అనంతపురం, కడప మూడూ అందులోనివే. నగరాల పురోగతిని అక్కడ ప్రధానంగా పీఎం 10తో, అంటే 10 మైక్రాన్ల వరకు ఉండే కణాలతో కొలుస్తున్నారు. కొలిచేది పెద్ద కణాలనైనప్పుడు రోడ్లు ఊడ్చే యంత్రాలకూ నీళ్లు చల్లే ట్యాంకర్లకూ ప్రాధాన్యం రావడం సహజమే. అవి అక్కర్లేదని కాదు. చెత్త మంటలను ఆపితే దక్కే మేలు మాత్రం ఆ లెక్కలో సరిగా కనిపించదు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. వేళ మార్చమన్నారు, తెల్లవారుజామునే గాలి శుభ్రంగా ఉంటుందని కదా మనమంతా అనుకునేది?

సమాధానం 1 (అదే అధ్యాపకుడు)

చలికాలంలో అది నిజం కాదు. రాత్రి నేల చల్లబడి, దానిని ఆనుకున్న గాలి పైనున్న గాలి కంటే చల్లగా మారి, పొగను పైకి పోనివ్వకుండా కిందనే పట్టి ఉంచుతుంది. ఎండ పొడిచి నేల వేడెక్కితే తప్ప ఆ మూత తొలగదు. అందువల్ల నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఎనిమిది దాటాక నడవమనండి. మార్చి నుంచి మన ఎండల సంగతి మీకు తెలిసిందే, అప్పుడు మళ్లీ పొద్దున్నే నడవడం మేలు. గుండె జబ్బు ఉన్నవారికి వడదెబ్బ కూడా ప్రమాదమే.

మెయిన్ రోడ్డు వదిలి కాలనీ లోపలి వీధుల్లోకి మారితే డీజిల్ పొగ చాలావరకు తప్పుతుంది. టవల్ ముతక దుమ్మును ఆపుతుంది గానీ సన్న కణాలను ఆపలేదు. పొగ ఎక్కువగా ఉన్న రోజు బయటికి వెళ్లక తప్పకపోతే ముఖానికి బిగుతుగా అతుక్కునే ఎన్95 మాస్కు కావాలి, కానీ దానితో వేగంగా నడిస్తే ఆయాసం రావచ్చు గనుక ముందు డాక్టరుగారిని అడగండి. ఇంట్లో దోమల కాయిల్ వెలిగిస్తున్నారా? తలుపులు మూసిన గదిలో రాత్రంతా అది వదిలే కణాలు కూడా ఇవే.