జర్మనీలో ఉద్యోగం: ముందు భాషా, చేతికందిన పనా?

అందరికీ నమస్కారం. కెమ్నిట్స్‌లో మెకానికల్ ఇంజినీరింగ్ మాస్టర్స్ పూర్తి చేసిన నాకు, ఉద్యోగం వెతుక్కోవడానికి ఇక్కడి చట్టం ఇచ్చే 18 నెలల నివాస అనుమతిలో అప్పుడే 7 నెలలు కరిగిపోయాయి. దరఖాస్తులకు వచ్చే జవాబుల్లో 'లైడర్', అంటే 'దురదృష్టవశాత్తూ', అన్న మాట కంటబడగానే మిగతాది చదవడం మానేశాను. నా జర్మన్ బీ1 స్థాయిలోనే, అంటే మధ్యస్థ స్థాయిలోనే, ఉంది. దక్కిన ఒక్క ఇంటర్వ్యూలో యంత్రాల గురించి అడిగినంతసేపూ బాగానే చెప్పాను గానీ, కార్మికులతో మాటామాటా వస్తే ఎలా సర్దిచెబుతారని అడిగేసరికి నోరు పెగలలేదు.

ఈ అనుమతి మీద ఏ పనైనా చేయవచ్చు కనుక గోదాములో పని దొరుకుతోంది, అయితే చదువుకు తగిన ఉద్యోగం లేనిదే బ్లూ కార్డు, అంటే ఉన్నత చదువున్న విదేశీ ఉద్యోగులకిచ్చే నివాస అనుమతి, రాదు. ఆ పని చేస్తూ సాయంత్రాలు జర్మన్‌లో తర్వాతి స్థాయి అయిన బీ2 చదవడం మేలా, లేక దాచుకున్న డబ్బుతో నాలుగు నెలలు పూర్తిగా భాషకే కేటాయించాలా? ఇదే దారిలో నడిచినవారు దయచేసి చెప్పగలరు. గోదాము పనిని బయోడేటాలో రాస్తే ఇంజినీరింగ్ కంపెనీలు చిన్నచూపు చూస్తాయా?