ఖింకలి కొసకు పేరు ‘కుచి’యా, ‘ఖుది’యా?

ప్రశ్న అడిగిన సభ్యురాలు: జార్జియా రాజధాని టిబిలిసిలో మేము అద్దెకున్న ఇంటి యజమానురాలు నాకు ఖింకలి అనే అక్కడి మాంసపు కుడుములు చేయడం నేర్పారు. పూరీ అంత వెడల్పున వత్తిన మైదా బిళ్ల మధ్య, నీళ్లు పోసి జారుగా కలిపిన కైమా పెట్టి, అంచును చీర కుచ్చిళ్లలాగా మడిచి పైకి తెచ్చి, కొసను గట్టిగా నులిమి మూసేవారు. ఉడికిన తరువాత ఆ కొస పట్టుకొని చిన్నగా కొరికి, ముందుగా లోపలి రసం జుర్రుకోవాలనీ, కొసను మాత్రం తినక పళ్లెంలో వదలాలనీ చెబుతూ దానికొక పేరు చెప్పారు. మొన్న ఇంట్లో చేస్తున్నప్పటి నుంచి ఆ మాట నన్ను వదలడం లేదు. ‘కుచి’ అన్నారా, ‘కుది’ అన్నారా? రెండో అక్షరమే తేలడం లేదు.

గుంటూరు సభ్యుడు: నిస్సందేహంగా ‘కుచి’. కుచ్చిళ్లు, జడకుచ్చులు, కన్నడంలోని కుచ్చు, అన్నీ ఒకచోటికి చేర్చి బిగించిన వాటి పేర్లే కదా. ఇంత దగ్గర పోలికను యాదృచ్ఛికమని నేను అనుకోలేను.

టిబిలిసిలో వైద్యం చదివిన సభ్యురాలు: క్షమించాలి, జార్జియన్‌లో ‘కుచి’ అంటే జీర్ణాశయం. రోగులు పొట్ట మీద చెయ్యి పెట్టి ఆ మాట అనడం నేను వార్డులో ఎన్నోసార్లు విన్నాను. కొందరు దీన్ని ‘బొడ్డు’ అని అనువదిస్తున్నారు గాని, బొడ్డుకు వాళ్ల మాట ‘చిపి’. పైగా మన కుచ్చులోది ద్విత్వం, వాళ్లది గొంతు బిగబట్టి విడిచే ఒంటి చకారం.

హైదరాబాదు సభ్యుడు: వైద్యురాలు గారు చెప్పిన అర్థం సరైనదే. అయితే కొసను ‘ఖుది’ అని కూడా అంటారు, అంటే టోపీ. మీరు రెండో అక్షరం దగ్గర తడబడుతున్నారు గాని, తేడా మొదటి అక్షరంలోనే ఉంది. కుచిలోని కకారానికి ఊపిరి ఉండదు. టోపీ అనే మాటలోది మన ఖకారంలాగే ఊపిరితో పలికేది. ఖింకలి మొదటి అక్షరం ఈ రెండూ కాదు, ఉర్దూ ‘ఖబర్’లో లాగా గొంతు రాసుకుంటూ వచ్చేది. ఇంకొక మాట: ‘ఖింకాలి’ అని దీర్ఘం ఇవ్వకండి. ఆ భాషలో హ్రస్వదీర్ఘ భేదమే లేదు. చివరి ఇకారం కూడా ప్రాతిపదికలోది కాదు, మన డుమువుల వంటి ప్రథమా ప్రత్యయం.

విశాఖ సభ్యుడు: ఉచ్చారణకు ముందు ఊరు చూడాలి. ఇది ప్షావి, ఖెవ్సురేతి, మ్తియులేతి కొండవాళ్ల వంట. నాకు ఎంతో ఇష్టమైన కవి వజా-ప్షావెలా (1861–1915) ఆ ప్షావిలోని చర్గలి గ్రామంలోనే పుట్టారు. అసలు పేరు లూకా రజికష్విలి. కలంపేరులోనే సొంత సీమను నిలుపుకొన్నారు. ఆయన కొండ మాండలికాన్ని కవిత్వంలోకి తెస్తే, అకాకీ త్సెరెతెలీ అంతటి కవి ఆ భాషను పద్యంలోనే తప్పుపట్టారు. కొండ మాటకూ పట్నపు మాటకూ అంత దూరం ఉన్నచోట, మీకు నేర్పినావిడది ఏ ప్రాంతమో తెలియకుండా ఒక్క మాటను ఖాయం చేయడం నాకు సమ్మతం కాదు.

ప్రశ్న అడిగిన సభ్యురాలు: ఆవిడది ఆ కొండసీమల దగ్గరి దుషేతి వైపు. కైమాలో ఉల్లి, మిరియాలు, ఉప్పే వేసేవారు. కొత్తిమీర వేయబోతే అది పట్నం వాళ్ల పద్ధతి అని నా చెయ్యి పట్టుకొన్నారు. అరకిలో కైమాకు దాదాపు గ్లాసు నీళ్లు, కొద్దికొద్దిగా పోస్తూ, మాంసం పీల్చుకొనేదాకా కలపమనేవారు. పేరు చెప్పినప్పుడు ఆవిడ చెయ్యి తల మీదికి పోయిందో, పొట్ట మీదికి పోయిందో ఎంత తలచుకున్నా గుర్తు రావడం లేదు.

గుంటూరు సభ్యుడు: కుచ్చు సంగతి ప్రస్తుతానికి పక్కన పెడతాను. తెలుగులో మాత్రం దీన్ని ‘ముచ్చిక’ అనాలి. గుత్తివంకాయను కూడా ముచ్చిక పట్టుకొనే తిని, దాన్ని విస్తరి అంచున వదిలేస్తాం.

టిబిలిసిలో వైద్యం చదివిన సభ్యురాలు: పట్టుకొనేది తొడిమనండీ. ముచ్చిక దాని కింద కాయను కప్పి ఉండేది. ఖింకలిలో మడతలన్నీ ముచ్చిక, నులిమిన కొస తొడిమ.

గుంటూరు సభ్యుడు: మా వైపు రెంటినీ కలిపి ముచ్చిక అనే అంటాం.