కంప్యూటర్ సైన్స్ చదవాలంటే ఎంపీసీనా, పాలిటెక్నిక్కా?

పదో తరగతి అమ్మాయి తండ్రి, వరంగల్
మా అమ్మాయి పదో తరగతి పాసయింది. కంప్యూటర్ సైన్స్‌లో బీటెక్ చేస్తానంటోంది. పాలిసెట్ ర్యాంకు కూడా బాగానే వచ్చింది. మా బావగారు పాలిటెక్నిక్‌లో చేర్చమంటున్నారు, మిగతా చుట్టాలందరిదీ ఎంపీసీ మాటే. కంప్యూటర్ చదువుకు రెండేళ్ల కెమిస్ట్రీ దేనికని నాకూ అనుమానం. ఆ దారుల్లో నడిచినవాళ్లు చెప్పండి.

డిప్లొమా చదివినవాడు
పాలిటెక్నిక్‌లోనే చేర్చండి. పదహారేళ్లకే నేను సీ భాషలో ప్రోగ్రాం రాసి, తప్పెక్కడుందో వెతుక్కుంటూ ల్యాబ్‌లో సాయంత్రం దాకా కూర్చునేవాణ్ని. ఎంపీసీలో చేరిన నా స్నేహితులు ఆ వయసులో పొద్దుటి నుంచి రాత్రి స్టడీ అవర్ దాకా బిట్లు బట్టీపట్టారు. మూడేళ్లయ్యాక డిప్లొమా వాళ్ల ప్రవేశ పరీక్ష ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో చేరాను. మధ్యలో ఇంటి పరిస్థితి తలకిందులైనా డిప్లొమా అన్నం పెడుతుంది. ఉత్త ఇంటర్ సర్టిఫికెట్ ఏం పెడుతుంది?

బీటెక్ అధ్యాపకురాలు
రెండు దారుల పిల్లలకూ పాఠం చెబుతున్నాను కాబట్టి నా మాట వినండి. కెమిస్ట్రీ మా సబ్జెక్టులో అక్కరకు రాదు, నిజమే. కానీ పాలిటెక్నిక్‌లో చేరినా అది వదలదు. ఇంటర్ తర్వాత బీటెక్ సీటు కోసం రాసే ఈఏపీసెట్ 160 ప్రశ్నల్లో దానివి 40 అయితే, ఈసెట్ 200 ప్రశ్నల్లో 25. అసలు చూడాల్సింది గణితం. ఈఏపీసెట్‌లో సగం, అంటే 80 ప్రశ్నలు దానివే.

ఫ్యాక్టోరియల్ ప్రోగ్రాం చూడండి. ఐదు ఫ్యాక్టోరియల్ అంటే ఐదు నుంచి ఒకటి దాకా అంకెల గుణకారం. ఐదు ఫ్యాక్టోరియల్ కోసం అది నాలుగు ఫ్యాక్టోరియల్‌ను అడుగుతుంది, నాలుగు మూడును అడుగుతుంది, చివరికి ఒకటి దగ్గర ఆగుతుంది. ఏ సంఖ్య ఇచ్చినా జవాబు సరిగ్గానే వస్తుందని రుజువేమిటి? ఒకటికి నిజమని చూపాలి, ఒక సంఖ్యకు నిజమైతే తర్వాతి సంఖ్యకూ నిజమని చూపాలి. ఇంటర్ మొదటి సంవత్సరం గణితానుగమనం ఇదే. ఈసెట్ పిల్లలు ఆ ప్రోగ్రాంను చకచకా రాస్తారు, రుజువు అడిగితే ఆగిపోతారు. బీటెక్ మొదటి సంవత్సరం గణితం చదవకుండానే తర్కం, రుజువులు నేర్పే డిస్క్రీట్ మ్యాథమెటిక్స్‌లో కూర్చోవడం వాళ్లకు పెద్ద భారం.

డిప్లొమా చదివినవాడు
ఆ సబ్జెక్టులో నేనూ అవస్థ పడ్డాను మేడమ్, ఒప్పుకుంటాను. మరి మీ ఎంపీసీ పిల్లలు రుజువు చెప్పగలుగుతున్నారా?

బీటెక్ అధ్యాపకురాలు
చాలామంది చెప్పలేరు. అదే నా బాధ. గణితానుగమనాన్ని 7 మార్కుల ప్రశ్నగా వల్లెవేసి వస్తారు, ప్రోగ్రాంలో అదే ఎదురైతే గుర్తుపట్టరు. అందుకే ఎంపీసీ అంటూనే ఇంకో మాట అంటున్నాను: కాలేజీ పేరు చూసి కాదు, లెక్కల పాఠం ఎలా చెబుతారో కనుక్కుని చేర్చండి. అమ్మాయికి లెక్కలంటే ఇష్టమేనా?

తండ్రి
సెలవుల్లోనూ శ్రేఢుల లెక్కలు ముందేసుకుని కూర్చుంటుంది మేడమ్. మొన్న ఒకటి నుంచి నూరు దాకా కూడికను రెండు వరుసల్లో, ఒకటి తిరగేసి రాసి, నాకు నేర్పింది. రేపే కాలేజీకి వెళ్లి లెక్కల మాస్టారిని కలుస్తాను.