సంభావ్యత సున్నా అయితే అది 'అసంభవం' అనొచ్చా?

ప్రశ్న: పదో తరగతి చదివే మా అమ్మాయికి అసంభవ ఘటన సంభావ్యత 0 అని చెప్పారట. రెండు మాటలూ 'సంభవం' నుంచి వచ్చినవే కదా. మరి తిరగేసి, 'సంభావ్యత 0 అయితే అది అసంభవం' అనొచ్చాండీ?

జవాబు: పాచికలు, పేకల వరకూ అనొచ్చండీ. అది దాటితే కుదరదు.

మొదట్లో ఈ శాస్త్రమంతా జూదం లెక్కే. 1654లో ఫ్రెంచి గణితవేత్తలు పాస్కల్, ఫెర్మా ఉత్తరాల్లో తేల్చిన పేచీ చూడండి. ఇద్దరు చెరో 32 పిస్టోళ్లు (తుపాకులు కావు, బంగారు నాణేలు) పందెం కాశారు. ముందుగా 3 ఆటలు గెలిచినవాడికి మొత్తం 64. ఒకడు 2, రెండోవాడు 1 గెలిచాక ఆట ఆగిపోయింది. డబ్బు ఎలా పంచాలి? పాస్కల్ ఏమన్నాడంటే: ఇంకో ఆట ఆడితే మొదటివాడు గెలిస్తే 64 పట్టుకుపోతాడు, ఓడితే ఇద్దరూ సమానమై 32 తీసుకుంటాడు. అంటే 32 అతనికి ఎటూ ఖాయం. మిగిలిన 32లో సగం ఇవ్వాలి. కాబట్టి అతనికి 48, రెండోవాడికి 16.

ఇక్కడ జరగగలిగేవన్నీ వేళ్ల మీద లెక్కపెట్టేయొచ్చు. సున్నా వచ్చిందంటే అది అసలు జరిగేది కాదనే.

ఇప్పుడు 0 నుంచి 1 దాకా ఒక గీత గీసి, దాని మీద ఎక్కడో ఒకచోట సూదిమొన దించామనుకోండి. ఏ చోటికీ పక్షపాతం లేదు. ఒక్కో బిందువుకి కాస్తంత సంభావ్యత ఇచ్చినా, బిందువులు అనంతం కాబట్టి మొత్తం 1 దాటిపోతుంది. అందుకని ప్రతి బిందువుకీ సున్నాయే. అయినా సూది ఏదో ఒక బిందువు మీద దిగింది కదా! సంభావ్యత సున్నా ఉన్నదే జరిగింది.

ఇలాంటి చోట్ల పాత నిర్వచనం (అనుకూల ఫలితాలను మొత్తం ఫలితాలతో భాగించడం) చేతులెత్తేసింది. వృత్తంలో యాదృచ్ఛికంగా ఒక జ్యా గీస్తే, అది మూడు శీర్షాలూ వృత్తం మీదే ఉండే సమబాహు త్రిభుజ భుజం కన్నా పొడవుండే సంభావ్యత ఎంత? 1889లో గణితవేత్త బెర్ట్రాండ్ దీనికే 1/2, 1/3, 1/4 అని మూడు జవాబులు చూపించాడు. 'యాదృచ్ఛికంగా' అంటే ఎలాగో ముందు చెప్పాలన్నమాట. 1900లో మరో గణితవేత్త హిల్బర్ట్ కూడా సంభావ్యతకి స్వీకృతాలు (రుజువు లేకుండా ఒప్పుకునే మూల నియమాలు) కావాలన్నాడు. చివరికి 1933లో రష్యన్ గణితవేత్త కొల్మగొరోవ్, లెబెగ్ కొలత సిద్ధాంతం (పొడవు, వైశాల్యం లాంటి కొలతని సమితులకి ఇచ్చే పద్ధతి) ఆధారంగా గట్టి పునాది వేశాడు. సంభావ్యత అంటే మొత్తం 1 అయ్యే ఒక కొలత. అసంభవ ఘటన అంటే శూన్య సమితి. శూన్య సమితి కొలత సున్నాయే, కానీ కొలత సున్నా అయినదల్లా శూన్యం కాదు.

ప్రశ్న: అయితే 'సంభావ్యత' అనే మాటే సరిగా కుదరలేదంటారా?

జవాబు: మాటకేం, బాగానే ఉంది. కొల్మగొరోవ్ జర్మన్‌లో వాడిన మాటకి అర్థం 'నిజంలా తోచడం', అదీ అంత అతకదు. మనకి సంభవం–అసంభవం జంట నోట్లో నానుతూ ఉంటుంది, చిక్కల్లా అక్కడే. నేనైతే 'అసంభవం' శూన్య సమితికే ఉంచి, శూన్యం కాకపోయినా కొలత సున్నా అయినదాన్ని 'సున్నా సంభావ్యత ఘటన' అంటాను.

పరీక్షలో మాత్రం అమ్మాయిని పుస్తకంలో ఉన్నట్టే రాయమనండి. పదో తరగతిలో ఎక్కువగా అడిగేవి పాచికలూ పేకల్లాంటివే.