ప్లాను పెంచాలా, వైఫై పెట్టె మార్చాలా?

ప్రశ్న: అరుగుమీది మాస్టారు, పర్లాకిమిడి

మాది తాతల నాటి బారు ఇల్లు. వీధి అరుగు నుంచి పెరటి వసారా వరకు వరుసగా ఐదు గదులు, మధ్య గోడలన్నీ అడుగున్నర మందం. 2018లో తిత్లీ తుపానుకు పాత టెలిఫోను తీగ తెగిపోయిన తరువాత కొన్నాళ్లు ఫోను డేటాతోనే నెట్టుకొచ్చి, ఆపైన 100 ఎంబీపీఎస్ ఫైబర్ పెట్టించుకున్నాము. కనెక్షన్ ఇచ్చినవారు తమ వైఫై పెట్టెను (రౌటర్‌ను) వీధిగదిలో ఇనుప బీరువా పక్కన గోడకు బిగించి వెళ్లారు.

మా అబ్బాయి హైదరాబాదు కంపెనీ ఉద్యోగాన్ని పెరటి గదిలో కూర్చుని చేస్తాడు. మీటింగు మధ్యలో బొమ్మ బిగుసుకుపోతుంది, మాట తెగిపోతుంది. వీధిగదిలో కూడా ఫైలు దించుకుంటే 5 అనే అంకె దాటదు. కనెక్షన్ వారు 300 ప్లానుకు మారమంటున్నారు. ఏరు దాటి పాతపట్నంలో అడిగితే, దుకాణదారు వైఫై 6 తరం మెష్ జత (ఒకదాని నుంచి ఒకటి గాలిలోనే అందుకుని పంచే రెండు పెట్టెలు) కొనమని, ఎనిమిది వేల పైమాటే అవుతుందని చెప్పాడు. ఇద్దరూ ధీమాగానే చెబుతున్నారు. ఏ ఒక్కటి చేస్తే చాలో తెలిసినవారు చెప్పగలరు.

జవాబు: తీగలవాడు, రాయగడ

మాస్టారూ, రెండింటిలో దేనికీ ఇప్పుడే డబ్బు కట్టకండి. ముందుగా ఆ 5 సంగతి చూద్దాం. అది సెకనుకు మెగాబైట్ల లెక్క. ప్లానులో చెప్పే 100 మాత్రం మెగాబిట్ల లెక్క. బైటుకు ఎనిమిది బిట్లు కాబట్టి మీకు వచ్చేది సుమారు 40. నూటికి నూరూ వచ్చినా అక్కడ కనిపించేది పన్నెండున్నరే.

మిగిలిన 60 ఎక్కడ పోతున్నదో తేలాలి. అబ్బాయి ల్యాప్‌టాప్‌ను లాన్ కేబుల్‌తో నేరుగా పెట్టెకు తగిలించి, ఇంట్లో మిగతా ఫోన్లన్నింటిలో వైఫై ఆపి వేగం చూడండి. తరువాత అదే ల్యాప్‌టాప్‌తో వైఫై మీద పెట్టె ఎదుట ఒకసారి, నడిమి గదిలో ఒకసారి, పెరటి గదిలో ఒకసారి చూడండి. తీగ మీదనే 40 వస్తే లోపం లైనులో ఉన్నట్టు. దానికి ఫిర్యాదు చేయాలి గాని ప్లాను పెంచకూడదు. తీగ మీద 90 దాటి, గాలిలో పడిపోతే లోపం మీ ఇంట్లోనే ఉన్నట్టు. ల్యాప్‌టాప్ వైఫై వివరాలలో లింక్ స్పీడ్ (ల్యాప్‌టాప్, పెట్టె తమలో తాము కుదుర్చుకున్న వేగం) ఎంత చూపిస్తున్నదో, వైఫై నడిచే రేడియో బ్యాండ్ 2.4 గిగాహెర్ట్జా 5 గిగాహెర్ట్జా అన్నది కూడా రాయండి.

అరుగుమీది మాస్టారు

చూశాము. తీగ మీద 94. వైఫై మీద పెట్టె ఎదుట 43, నడిమి గదిలో 21, పెరటి గదిలో 4, అదీ నిలకడగా లేదు. లింక్ స్పీడ్ 72 అని ఉంది. 5 గిగాహెర్ట్జ్ పేరే కనిపించలేదు.

జవాబు: తీగలవాడు, రాయగడ

అయితే తేలిపోయింది. మీ పెట్టె 2.4 మీద మాత్రమే పనిచేసే పాత రకం, అంటే 2009 నాటి వైఫై 4. ల్యాప్‌టాప్‌కూ పెట్టెకూ మధ్య ఒప్పందం 72 అయితే, చేతికి వచ్చేది అందులో సగం కంటే కొంచెం ఎక్కువ. ఎందుకంటే గాలిలో ఒకరు మాట్లాడుతున్నంతసేపు మిగిలినవారు ఆగాలి, అందినదానికల్లా అందిందని బదులు చెప్పాలి, పక్కింటి వైఫై అదే ఛానల్‌లో ఉంటే దానికీ దారి ఇవ్వాలి. కాబట్టి 300 ప్లాను తీసుకున్నా ఈ పెట్టె ఎదుట వచ్చేది ఆ 43, పెరటి గదిలో వచ్చేది ఆ 4.

కొత్త పెట్టె అవసరమే, కాని 100 ప్లానుకు వైఫై 6 అక్కరలేదు. ఏసీ 1200 అని అమ్మే వైఫై 5 రౌటర్‌కు 5 గిగాహెర్ట్జ్ మీద లింక్ 867. అందులో సగం వచ్చినా మీ ప్లానుకు నాలుగు రెట్లు. వైఫై 6 ఎక్కువ పరికరాలు ఒకేసారి వాడే ఇంట్లో మేలు చేస్తుంది, అదీ ఆ పరికరాలకు కూడా వైఫై 6 ఉన్నప్పుడే దాని పూర్తి ఫలం దక్కుతుంది.

అసలు చిక్కు మీ గోడలు. 5 గిగాహెర్ట్జ్ గోడను దాటడంలో 2.4 కంటే బలహీనం. మెష్‌లో రెండో పెట్టె మొదటిదాని నుంచి గాలిలోనే అందుకుని గాలిలోనే పంచాలి కాబట్టి, మామూలు రెండు బ్యాండ్ల రకంలో వేగం సగానికి సగం పోతుంది; మధ్యలో మూడు గోడలుంటే ఆ సగం కూడా అనుమానమే. అందుచేత అటక మీదుగా ఒక లాన్ కేబుల్ లాగి, కొత్త రౌటర్‌ను పెరటి గదికి ముందు గదిలో పెట్టించి, యాక్సెస్ పాయింట్ మోడ్‌లో (కేబుల్‌లో వచ్చినదాన్ని వైఫైగా పంచే పని మాత్రమే చేసేలా) నడపండి.

జవాబు: ప్రాణహిత ఒడ్డు, సిరొంచ

సార్, రౌటర్ కొనేటప్పుడు వెనుకనున్న పోర్టులను (కేబుల్ గుచ్చే రంధ్రాలను) తప్పక చూడండి. నేను 200 ప్లాను తీసుకుని, మంచిర్యాలలో ఏసీ 1200 రౌటర్ కొన్నాను. అట్ట మీద 1200 అని పెద్ద అక్షరాలతో ఉంటే ఇంకేం కావాలనుకున్నాను. ఎన్నిసార్లు చూసినా 94 దాటలేదు. కంపెనీవారితో ఫోనులో రెండు వారాలు వాదించి, లైను చూడడానికి వచ్చిన కుర్రాడి ముందు గట్టిగా మాట్లాడాను కూడా. అతడు ఏమీ అనకుండా రౌటర్‌ను తిరగేసి, పోర్టుల పక్కన సన్నగా ముద్రించిన 10/100 అనే అంకెను గోటితో చూపించాడు. గాలిలో 867 ఉన్నా, లోపలికి వచ్చే గుమ్మం 100 అయితే అంతకు మించి రాదు. ఆ కుర్రాడికి ఆ రోజు టీ ఇచ్చి పంపాను.

మీకు ఇప్పుడు 100 చాలు కాబట్టి ఆ రకమైనా నడుస్తుంది, కాని గిగాబిట్ (అంటే 1000) పోర్టులున్నది తీసుకుంటే రేపు ప్లాను పెంచినా పనికొస్తుంది. కేబుల్ కూడా క్యాట్ 6 వేయించండి. అందులో నాలుగు జతల తీగలు ఉంటాయి. గిగాబిట్‌కు నాలుగూ కావాలి, ఒక్క జత సరిగా తగలకపోయినా 100కు దిగిపోవచ్చు.

అరుగుమీది మాస్టారు

మెష్ ఆలోచన మానుకున్నాను. గిగాబిట్ పోర్టులున్న ఏసీ 1200 రౌటర్, 25 మీటర్ల క్యాట్ 6 కేబుల్ తెచ్చాము. మెష్ ధరలో సగం కూడా కాలేదు. నాలుగో గదిలో రౌటర్ పెట్టాక పెరటి గదిలో 5 గిగాహెర్ట్జ్ మీద 88 వచ్చింది. అటక మీద ఎలుకల బెడద ఉన్నందున కేబుల్‌ను పీవీసీ గొట్టం లోపలినుంచి లాగమని ఎలక్ట్రీషియన్ అంటున్నాడు. అక్కడే కరెంటు తీగల గొట్టం ఉంది, అందులోనే తోసేయవచ్చునా?

జవాబు: తీగలవాడు, రాయగడ

తోయకండి మాస్టారూ. కరెంటు తీగతో కలిపితే ప్రమాదం, పైగా సిగ్నల్‌కూ చెరుపు. వేరే గొట్టం వేయించి, ఆ తీగకు జానెడు దూరంగా నడిపించండి.